సినిమాకు డబ్బు కడతారా అని తలుపు కొట్టిన రోజులు

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో నేను హైటెక్ సిటీలో ఒక అంతర్జాతీయ సంస్థకు సలహాదారుగా పనిచేశాను. ఇంటర్నెట్‌లో సినిమాలను దొంగచాటుగా దించుకోకుండా, పద్ధతిగా డబ్బు కట్టి చూసేవాళ్ళు ఏ దేశంలో ఎందుకు కడుతున్నారో కనిపెట్టడం ఆ సంస్థ పని. మిగతా దేశాల సంగతి తెల్లవాళ్ళు చూసుకునేవారు. హైదరాబాద్ సంగతి నేను చూసుకునేవాణ్ణి. తొమ్మిదో అంతస్తులో అద్దాల గది. కిటికీలోంచి చూస్తే కింద కార్లు అగ్గిపెట్టెల్లా కనిపించేవి.

దీన్ని మా బోరబండ బస్తీవాళ్ళలాగే మీరూ నమ్మి ఉంటే ఇక్కడే సవరించుకోండి. నేను సలహాదారును కాను. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుకొచ్చే మనిషిని. తొమ్మిదో అంతస్తు నిజమే, అద్దాల గది కూడా నిజమే. ఆ గదిలో నేను కూర్చున్నది రెండుసార్లు. మిగతా రోజుల్లో నా చోటు కాఫీ మిషన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ. అక్కణ్ణుంచి కార్లు కనిపించవు, కాఫీకి వచ్చేవాళ్ళ నడుములు కనిపిస్తాయి.

అంతకుముందు జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. స్టోర్స్‌లో ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడికి ఎదురొచ్చే ప్రతి మనిషీ ఏదో జేబులో వేసుకుని పోతున్నట్టే కనిపిస్తాడు. చేతులు ఊపుకుంటూ పోతే మరీ అనుమానం. ఈ బుద్ధి రిటైర్‌మెంట్‌తో పోలేదు. నాతోపాటు బోరబండ నుంచి హైటెక్ సిటీ దాకా రైలెక్కి వచ్చేది.

ఆ అద్దాల గది ఒక అమ్మాయిది. గోదావరి జిల్లా పిల్ల, పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఫారాలు తయారు చేసేది, నేను తెచ్చినవి కంప్యూటర్‌లో ఎక్కించేది, చివర్లో రిపోర్టు రాయాల్సింది అన్నీ ఆమే. నన్ను అంకుల్ అనేది. నేను ఆఫీసులో మేడం అనేవాణ్ణి, రోడ్డు మీద బిడ్డా అనేవాణ్ణి.

చేరిన మొదటి వారంలోనే తన సంగతి చెప్పింది. "ఇది నా మొదటి రిపోర్టు అంకుల్. ఇది బాగా వస్తే పర్మనెంట్ చేస్తారు. లేదంటే మా నాన్నగారొచ్చి తీసుకెళ్ళిపోతారు. రోజూ ఫోన్‌లో అదే మాట, అక్కడ గొడవలుగా ఉంది, సామాను సర్దుకో అని."

"నీకు పోవాలని లేదా?"

"నాకు ఈ ఊరు ఇష్టమండి."

ఈ మాట నన్ను మెత్తబరచడానికి అంటోందని అనుకున్నాను. గోదావరి జిల్లావాళ్ళు ముందు తీపి పెట్టి తర్వాత పని చెబుతారని మావైపు ఒక నమ్మకం. ఆ రోజుల్లో అలాంటి నమ్మకాలు ఎవరివి వాళ్ళకు ఇంటి సామానుతో పాటు ఉండేవి.

ఫారంలో పన్నెండు ప్రశ్నలున్నా అసలువి మూడే. ఇంట్లో సినిమాలు ఎలా చూస్తారు. డబ్బు కడతారా. ఎందుకు. ఆ 'ఎందుకు' కింద నాలుగు ఖాళీ గీతలుండేవి.

"ఈ నాలుగు గీతలే ప్రాణం అంకుల్. ఎంతమంది కడుతున్నారో సినిమాలమ్మే కంపెనీల దగ్గర లెక్క ఉంటుంది. ఎందుకు కడుతున్నారో తెలీదు," అంది. ఒక దేశంలో సినిమా దొంగతనంగా దించుకుంటే లాయరు నోటీసు ఇంటికొస్తుందట, ఆ భయంతో కడతారట. ఇంకోచోట పక్కింటివాళ్ళు కడుతున్నారని కడతారట. మరోచోట వెతుక్కునే ఓపిక లేక కడతారట. ఇవన్నీ అక్కడివాళ్ళు పంపిన ఫారాల్లో ఉన్నాయని చెప్పింది.

"మరి మన దగ్గర?" అన్నాను.

"అది మీరే చెప్పాలి అంకుల్."

ఆ ఒక్క మాట చాలింది. సాయంత్రం బస్తీలో దిగేసరికి నేను సినిమా శాఖలో ఆఫీసర్‌నైపోయాను. నా మాట కోసం మూడు దేశాలవాళ్ళు పని ఆపుకుని కూర్చున్నారని చాయ్ హోటల్లో చెప్పాను. దీనికి తర్వాత శిక్ష అనుభవించాను, ఆ కథ ముందుంది.

మొదట కొండాపూర్ అపార్ట్‌మెంట్లు. అప్పట్లో ఇంట్లో మంచి ఇంటర్నెట్ ఉండి, కార్డుతో డబ్బు కట్టగలిగేవాళ్ళు ఎక్కువగా అటే ఉండేవారు. వాళ్ళలో కోస్తా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. అయితే ఆ రోజుల్లో పరిచయం లేని ముసలాడు తలుపు కొట్టాడంటే రెండే పనులు. చందా అడగడానికన్నా వచ్చి ఉండాలి, రేపు బంద్, బయటికి రావద్దని చెప్పడానికన్నా వచ్చి ఉండాలి. నా మీసం, భుజాన సంచి, నోరు తెరిస్తే మెదక్ జిల్లా మాట. గొలుసు తీయకుండానే తలుపు నాలుగు వేళ్ళ మందం తెరుచుకునేది.

"అమ్మా, మీరు ఇంట్ల సినిమాలు చూస్తరా?"

"మేము సినిమాలు చూడమండి."

లోపల్నుంచి హీరో డైలాగు చెబుతున్నాడు, ఎవరో నవ్వుతున్నారు.

"మరి ఆ సప్పుడేంది?"

"అది పక్కింట్లోదండి," అని తలుపు వేసేవారు.

కొందరు మర్యాదగా కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపారు. వాళ్ళు తక్కువ. మిగతా అంతస్తులన్నిటిలో సినిమా చూసేవాళ్ళే లేరు. అసలు సినిమా అనే దాన్ని తెలుగువాళ్ళు ఎప్పుడో మానేశారేమో అనిపించేది.

ఆ తర్వాత బోరబండ. అక్కడ నాకు తలుపు కొట్టే అవసరమే లేదు. మా పక్కింటాయన ఐటీ కంపెనీ క్యాబ్ నడుపుతాడు. నల్గొండ జిల్లా నుంచి వచ్చినవాడు. నన్ను కాక అంటాడు. ఫారం తీసి ఆయనతోనే మొదలుపెట్టాను.

"సినిమాలు ఏడ చూస్తవ్?"

"ఫోన్ల."

"పైసలు కడ్తవా?"

"కట్టక? ముఫత్‌ల ఎవడిస్తడు కాక?"

నాకు నవ్వొచ్చింది. స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మెమరీ కార్డు ఇస్తే అందులో కొత్త సినిమాలు ఎక్కించి ఇస్తాడు. అవన్నీ దొంగ కాపీలే. ఈయన అక్కడే ఎక్కించుకుంటాడని నాకు తెలుసు. నన్ను సినిమా శాఖ ఆఫీసరనుకుని భయపడి అబద్ధమాడుతున్నాడని తేల్చేశాను. ఆయన తర్వాత ఎవరిని అడిగినా, సెక్యూరిటీవాళ్ళు, మేస్త్రీలు, ఆఫీసుల్లో ఊడ్చే ఆడవాళ్ళు, అందరిదీ ఒకటే మాట: కడుతున్నం.

కడుతున్నవాళ్ళు అసలు సినిమాలే చూడమంటున్నారు. ఎన్నడూ కట్టనివాళ్ళు ప్రతిదానికీ కడుతున్నామంటున్నారు. ఊరు ఊరంతా కలిసి నన్ను ఒక్కణ్ణి ఆట పట్టిస్తోందనుకున్నాను. కాబట్టి నేనే సరిచేశాను.

ఎలాగంటే, కొండాపూర్‌వాళ్ళ ఫారంలో కడతారు అని టిక్కు పెట్టి, ఎందుకు అన్నచోట "డాబు కోసం. పక్క ఫ్లాటువాళ్ళకు చెప్పుకోవడానికి" అని రాశాను. బోరబండ ఫారాల్లో కట్టరు అని పెట్టి, నాలుగు గీతలూ నింపాను. "చట్టమంటే లెక్క లేదు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం." ఈ రెండో వాక్యం బాగా కుదిరిందనిపించి, మాటలు కొంచెం అటూ ఇటూ మార్చి ఇరవై ముప్పై ఫారాల్లో వాడుకున్నాను. తర్వాత బంద్‌లు వచ్చాయి. రైళ్ళు ఆగిపోయాయి. ఆ రోజుల్లో అసలు గడప దాటకుండా, అరుగు మీద కూర్చుని, లేని ఫ్లాట్లకు కూడా మనుషుల్ని పుట్టించి రాశాను. అన్నీ కలిపి మొత్తం ఫారాలు ఎనభై నాలుగు.

ఆఫీసులో అమ్మాయి మొదట మురిసిపోయింది. "వేరే దేశాలవాళ్ళకు ఇంత బాగా రాలేదు అంకుల్. మీవి చదువుతుంటే మనుషులు కనిపిస్తున్నారు." నేను ఆ పూట కాఫీ రెండుసార్లు తాగాను.

మూడు రోజుల తర్వాత గదిలోకి పిలిచింది. అద్దాల గదిలో నేను కూర్చున్న రెండోసారి అదే. బల్ల మీద నా ఫారాలు రెండు కట్టలుగా పరిచి ఉన్నాయి.

"అంకుల్, కొండాపూర్‌లో ఇంతమంది డాబు కోసమే కడుతున్నారా?"

"అందరూ ఒక్కతీర్గనే ఉంటరు మేడం."

"బోరబండలో ఒక్కళ్ళు కూడా మంచివాళ్ళు లేరా?"

ఆమె గొంతులో నవ్వు లేదు. "బ్యాక్ చెక్ చేయాలి," అంది. సర్వే పనిలో అదొక రివాజు. నింపిన ఫారాల్లో పదింటికొకటి తీసి, ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి, నిజంగా అలాగే చెప్పారా అని అడగాలి. "మీరూ రండి. మీకైతే ఇళ్ళు తెలుసు కదా."

ఇళ్ళు తెలుసు కదా అన్న మాట ఆమె మామూలుగా అందో, కావాలని అందో ఇప్పటికీ తేల్చుకోలేదు. నిజంగా వెళ్ళిన ఇళ్ళకే దారి చూపిద్దామని నేను కూడా మామూలుగానే లేచాను.

కొండాపూర్‌లో మూడో అంతస్తు. పక్కింట్లో సప్పుడని నాకు తలుపేసిన ఆవిడే. ఆమె భర్త ప్రభుత్వోద్యోగి. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి "ఆంటీ, నమస్తే అండి" అనగానే గొలుసు దానంతట అదే ఊడినట్టు తలుపు తెరుచుకుంది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని రెండు నిమిషాలు నడిచాక కాఫీ వచ్చింది. నాకూ ఇచ్చారు, కానీ అమ్మాయి తాగడం మొదలుపెట్టాక.

"మేము కడతామండి," అంది ఆవిడ ఏ దాపరికం లేకుండా. "మావారి కార్డుతో."

"ఎందుకండి? బయట చవగ్గా సీడీలు దొరుకుతాయి కదా."

"అదే తెచ్చుకునేవాళ్ళం ఇదివరకు. వీధి చివర షాపులో. గొడవలు మొదలయ్యాక అక్కడ బల్ల మీద నలుగురు కూర్చుంటున్నారు. ఏమీ అనరు, అబద్ధం చెప్పకూడదు. మనం ఏ సినిమా తీసుకున్నామో చూస్తారు, అంతే. ఆ హీరో మీవాడా అన్నట్టు చూస్తారు. మావారికి అది కష్టమనిపించింది. కంప్యూటర్‌లో అయితే ఎవర్నీ అడగక్కర్లేదు, ఏం చూస్తున్నామో ఎవరికీ తెలీదు. ఎందుకొచ్చిన గొడవ అని కట్టేసుకుంటున్నాం."

అమ్మాయి రాసుకోవడం ఆపి తలెత్తింది. "మరి అంకుల్ వచ్చినప్పుడు ఈ మాట చెప్పలేదా?"

ఆవిడ నా వైపు చూసి, నాకు వినబడదన్నట్టు గొంతు తగ్గించింది. "ఆయన మాట వినేసరికి భయమేసి, సినిమాలే చూడమన్నానమ్మా. ఏ సినిమాలు చూస్తున్నారో రాసుకుపోవడానికి వచ్చాడేమో అనుకున్నాను."

నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె ఎవరి కళ్ళు తప్పించుకోవడానికి డబ్బు కడుతోందో ఆ కళ్ళే సంచి తగిలించుకుని ఆమె గడపలోకి వచ్చి నిలబడ్డాయి. నేను దానికి డాబు అని పేరు పెట్టాను.

కిందికి దిగాక అమ్మాయి ఇంకో ఫారం పైకి తీసింది. "బోరబండ వెళ్దాం అంకుల్," అంది.

ఎండ తగ్గాక మా గల్లీకి చేరాం. డ్రైవర్ అప్పుడే డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటున్నాడు. కుర్చీ వేశాడు. ఆమె ఫారం తీసి, ఇది మీరు చెప్పిందేనా చూడండి అని చదవడం మొదలుపెట్టింది. ఆపాలనుకున్నాను. ఏమని ఆపాలో తెలియలేదు. ఫినాయిల్ దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతే సన్నబడింది.

"ఇది నేను జెప్పిన్నా మేడం?" అన్నాడాయన. కోపంగా కాదు, ఎవరో తెలియనివాడి సంగతి విన్నట్టు. "నేను కడ్తున్ననే జెప్పిన. దుకాణమున్నది, బోర్డున్నది, సినిమాకు ఇంతని తీస్కుంటడు. దొంగ సొమ్మయితే పట్టపగలు రోడ్డు మీద పెట్టి అమ్ముతరా? నాకేం ఎర్క?"

"ఇంటర్నెట్‌లో కట్టి చూసే పద్ధతి ఉంది కదండి, అది తెలుసా?"

"తెల్సు మేడం. మా ఆఫీసు సార్లు మాట్లాడుకుంటుంటే ఇన్న. నా బ్యాంకు కార్డు నంబర్ గుడ ఏసిన. రెండుసార్లు ఏసిన. ఈ కార్డు చెల్లదన్నది. ఒద్దన్నోనికి జబర్దస్తీ పైసలిస్తనా?"

అమ్మాయి ఆ మాటను అక్షరం పోకుండా రాసుకుంది. ఆయన నా వైపు తిరిగాడు.

"కాక, నా పేరు మీద ఫినాయిల్ తాగిపిచ్చినవా?"

గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య అందుకుంది. "మొన్న కాకకు జరమొస్తే దవాఖానకు తోల్కపోయింది మా ఆయనే గద. ఆ మందు గిట్ల ఎక్కినట్టుంది పెద్దమనిషికి."

ఇద్దరూ నవ్వారు. నవ్వకుండా తిడితే బాగుండేది. సినిమా శాఖ ఆఫీసరని కోసుకున్న కోతలకు శిక్ష అంటే ఇదే. ఆయనెప్పుడూ నన్ను ఆఫీసరని నమ్మలేదు. భయపడలేదు, అబద్ధమాడలేదు. అడిగాను కాబట్టి చెప్పాడు. మెదక్ నుంచి వచ్చిన నేను, నల్గొండ నుంచి వచ్చి పక్కింట్లో ఉంటున్న మనిషిని, ఎక్కడో చలిదేశంలో చదువుకునే కాగితంలో దొంగని చేసి పంపబోయాను. అదే రోజుల్లో మమ్మల్ని తక్కువ చేసి చూస్తున్నారని చాయ్ హోటల్లో అందరికంటే గట్టిగా అరిచింది కూడా నేనే.

స్టేషన్‌కు నడుస్తుంటే అమ్మాయి అడిగింది. "ఎన్ని ఇలా రాశారు అంకుల్?"

"కొన్ని."

"కొన్నంటే?"

"చాన."

ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చుండిపోయింది. "సోమవారం చూపించాలి. మా నాన్నకి ఏమని చెప్పను," అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. సంచిలోంచి ఖాళీ ఫారాలు తీసి ఎన్నున్నాయో చూసుకుంది.

చేతిలో అయిదు రోజులున్నాయి. ఇద్దరం కలిసి తిరిగాం. కొండాపూర్‌లో ఆమె మాట్లాడితే నేను మెట్ల దగ్గర ఉండేవాణ్ణి. బోరబండలో నేను మాట్లాడితే ఆమె రాసుకునేది. ఒకరోజు బంద్ పడింది, ఆ రోజు పోయింది. మొత్తం మీద పంతొమ్మిది ఇళ్ళయ్యాయి. షాపు బల్ల మీది చూపులు తప్పించుకోవడానికి కడుతున్నవాళ్ళు అందులో ఇంకా ఇద్దరు తేలారు. ఒకాయన, థియేటర్లు ఎప్పుడు మూస్తారో తెలియక కడుతున్నానన్నాడు. కార్డు చెల్లక దుకాణానికి పోతున్నవాళ్ళు ముగ్గురు. డాబు కోసం కడుతున్నవాడు ఒక్కడూ దొరకలేదు. నేను వెతికాను కూడా.

సోమవారం పొద్దున ఆమె నా ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి వచ్చి టైపు చేసిన కాగితం ఒకటి ఇచ్చింది. "ఎనభై నాలుగు ఎందుకు పంతొమ్మిది అయ్యాయని అడుగుతారు అంకుల్. నేను కూర్చుని రాయించానని అనుకోవచ్చు. ఇందులో మీరు సంతకం పెడితే అలా అనుకోరు. పెట్టకపోతే మీ ఇష్టం."

కాగితం మూడుసార్లు చదివాను. స్టోర్స్‌లో చదవకుండా సంతకం పెట్టినవాళ్ళు ఏమయ్యారో చూసినవాణ్ణి. మొదటిసారి చదివినప్పుడు, అనుకున్నంతా అయింది, తీపి పెట్టి ముసలాణ్ణి బలి చేస్తోందనుకున్నాను. రెండోసారి, పోలీసు కేసు అనే మాట ఎక్కడైనా దాక్కుని ఉందేమో వెతికాను. లేదు. మూడోసారి చదివినప్పుడు కనిపించింది. "కొన్ని ఫారాలను ఇళ్ళకు వెళ్ళకుండా నేనే నింపాను" అని ఉంది. సంగతి తెలిసి కూడా ఆమె 'కొన్ని' అనే రాసింది.

"ఇట్ల రాస్తే ఏవి మంచియి, ఏవి కావని నిన్నే ఏరమంటరు బిడ్డా," అన్నాను.

"ఏరతాను."

"సోమవారం వచ్చేసింది. ఎప్పుడు ఏరుతవ్?"

నేను పెన్ను తీసి 'కొన్ని' కొట్టేసి పైన 'అన్ని' అని రాశాను. పక్కన పొట్టి సంతకం, కింద పూర్తి సంతకం.

మధ్యాహ్నం కాఫీ మిషన్ దగ్గరికి వచ్చి చెప్పింది. హైదరాబాద్ పంతొమ్మిది ఇళ్ళూ రిపోర్టులో ఒక పేజీగా ఉంటాయి, బొమ్మల్లో, పట్టికల్లో ఉండవు. పర్మనెంట్ చేయలేదు, తీసేయనూ లేదు, ఇంకో మూడు నెలలు చూస్తామన్నారు. "మూడు నెలల దాకా సామాను సర్దుకోనక్కర్లేదని మా నాన్నకి చెప్పేశాను," అంది. ఇక రేపటినుంచి మీరు రావద్దంటున్నారు అన్న మాట కూడా ఆమే చెప్పింది, కుర్చీ పక్కన వంగి, ఎవరికీ వినపడకుండా.

ఆమె కోసమే 'అన్ని' అని రాశానని మా బస్తీలో చెప్పుకున్నాను. అది మంచి కథ, వినేవాళ్ళు తల ఊపుతారు. కానీ ఎనభై నాలుగూ దొంగవి కావు. పదకొండు ఇళ్ళలో నిజంగా కూర్చున్నాను, మంచినీళ్ళు తాగాను, వాళ్ళన్నది అన్నట్టు రాశాను. నా ఒక్క మాటతో ఆ పదకొండు ఇళ్ళవాళ్ళు చెప్పింది కూడా చెత్తబుట్టలోకి పోయింది. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఎందుకు అలా రాశానని నాకు నేనే ఖాళీ గీతలు ముందేసుకుని చాలాసార్లు అడిగాను. ఆమెకు ఏరుకునే పని తప్పించడానికి అన్నది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, కొన్ని తప్పులే చేశాడు అన్న కాగితం మీద సంతకం పెట్టడం నా స్థాయికి తక్కువనిపించింది.